బందరు అద్దకమును, ముగ్గురు మిత్రులును

ఒక తప్పును ఒప్పుకొని ఈ ప్రసంగమును ప్రారంభించెదను. ముప్పదియేండ్లకు పైబడి నేను తెలుగు పండితుడనై బడిపిల్లలకు పద్యములు చెప్పితిని. సాయంకాలములయందు భాషాప్రవీణ పరీక్షకు చదువు యువకులకు అలంకారశాస్త్రము చెప్పితిని. ఆ శాస్త్రమున సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు పూర్వరాగమును మూడు తెగలుగా విభజించినాడు. పైకి అంతగా ప్రకాశింపక, మనస్సులో నిలిచి, ఎన్నడును తొలగనిది నీలీరాగము. మిక్కిలి ప్రకాశించియు తొలగిపోవునది కుసుంభరాగము. ప్రకాశించుచు, తొలగకయు నుండునది మంజిష్ఠారాగము. ఈ మూడింటిని శిష్యులు వల్లించిరి, పరీక్షలో వ్రాసిరి, మార్కులు తెచ్చుకొనిరి. నేను సంతోషించితిని.

నీలి, కుసుంభ, మంజిష్ఠ అనునవి రంగులవాండ్ర మాటలు. గుడ్డకు రంగు వేయు గంగాళము చెంత పుట్టి, అటనుండి కావ్యశాస్త్రమునకు వచ్చినవి. మంజిష్ఠరంగు గుడ్డను పట్టుట నేను కంటితో చూచినవాడను గాను. చూడకయే, అది తొలగదని పండ్రెండేండ్లు బోధించితిని. ఇదియే నా తప్పు.

1994వ సంవత్సరమున నన్ను బందరు సమీపమున, పెడన దారిలో, కాలువగట్టున నున్న ఒక యూరి బడికి మార్చిరి. నేను బసచేసిన వీధి చివర అచ్చులు చెక్కు ఆచారిగారి పాక యుండెను. మొదటి నెల నేను ఆ వైపు పోలేదు. రెండవ నెలలో మా యింటి తలుపుగడియ చెడగా బాగుచేయించుకొనుటకై పోతిని. గడియ మాట మరచి చీకటిపడువరకు కూర్చుంటిని. నాటినుండి మా స్నేహము. ఆయన నాకంటె పదేండ్లు పెద్ద. నేను "ఆచారిగారూ" అందును. ఆయన "పంతులుగారూ" అనును. ఇద్దరమును ఒకరినొకరు పేరుపెట్టి పిలిచి యెరుగము.

ఆయనయే నన్ను పెడనలోని రంగులపాకకు తీసికొనిపోయెను. అక్కడ నేను చూచినదానిని కొంచెము విపులముగా చెప్పెదను. ఇది తెలియనిచో తరువాతి చరిత్ర రుచింపదు.

కోరాగుడ్డను పేడనీటిలో నానవైచి, ఉదికి, ఎండలో ఆరవైచి తెలుపు చేయుదురు. పిదప కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి తీయుదురు. కరక్కాయలోని వగరు నూలుపోగును పట్టుకొనును. పాలలోని జిడ్డు రంగును చెదరనీయదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నివారములు పులియబెట్టగా వచ్చు నీరు ఆ గుడ్డపై బడగనే నల్లనగును. ఆ నలుపుతో తీగెలకు, ఆకులకు, పువ్వులకు గీత వేయుదురు. ఎరుపు రావలసినచోట పటికనీటిని జిగురుతో కలిపి వేరొక అచ్చుతో అద్దుదురు. అద్దునప్పుడు అది ఎరుపు కాదు. పటికకు రంగెక్కడిది? అటుపిమ్మట గుడ్డను పారునీటిలో జాడించి, రాగిగంగాళములో చిరివేరో మంజిష్ఠయో వైచి కాచిన నీటిలో త్రిప్పుదురు. అప్పుడు, శ్రోతలారా, పటిక సోకినచోట మాత్రము ఎరుపు లేచును! తక్కినచోట అంటిన లేతచాయ మరల పేడనీటికిని ఎండకును విరిగిపోవును. ఎరుపు ఉదుకుకొలది తేరును.

నేను గంగాళము చెంత నిలువబడి విశ్వనాథుని లక్షణమును ఆచారిగారికి అర్థముతో చెప్పితిని. ఆయన విని, "మీ శాస్త్రమాయన రంగులపాకలో కూర్చున్నాడండీ పంతులుగారూ, లేకపోతే ఈ సంగతి ఆయనకెట్టా తెలుస్తుంది?" అనెను. అలంకారశాస్త్రమునకు నేను చదివిన వ్యాఖ్యానములలో ఇంత సూటియైనది లేదు.

మరునాటినుండి నా పాఠము మారినది. అమరకోశమున ఓషధుల పేర్లు బాలురకు నోటికి రానివి. హరీతకి యనిన కరక్కాయయని చెప్పుటకు ముందు ఒక కరక్కాయను చేతిలో పెట్టితిని; పటికను నాకించితిని; నెలకొకమారు తరగతినంతయు కాలువగట్టునకు నడిపించితిని. ఒక పెద్దయ్య నన్ను చూచి, పండితుడు పిల్లలను పాకలవెంట త్రిప్పుచున్నాడని నవ్వెను. నవ్వనిండు. శ్లోకము రాని పిల్లవాడొకడు పటిక ఏల కావలెనో తోడి పిల్లలకు వివరించుచుండగా నేను తలుపుచాటున నిలిచి వింటిని.

ఇక చరిత్ర. మనము నేడు కలంకారీ యనుచున్న ఈ పేరు పారసీకము. కలముతో చేయు పని యని అర్థము. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టి, దారము కట్టి, దానితో దేవతల కథలను వ్రాయుదురు. అది నిజముగా కలముపని. బందరు ప్రాంతమున ఎక్కువగ నడచినది కొయ్య అచ్చులతో అద్దుట. అందుచేత పాతవారు దీనిని అద్దకమనియే అనిరి. నాకును ఆ మాటయే యిష్టము.

గోలకొండ కుతుబుషాహీ సుల్తానులకు బందరు ముఖ్యమైన రేవు. 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఓలందాలు, 1611లో ఇంగ్లీషువారు ఇచట వర్తకపుగిడ్డంగులు నెలకొల్పిరి. వారు వచ్చినది ప్రధానముగ గుడ్డలకొరకు. ఆ గుడ్డలను తూర్పుదీవులకు కొనిపోయి సుగంధద్రవ్యములకు మార్చుకొనిరి. తరువాత తమ దేశములకును పంపిరి. ఉదికినను పోని రంగు నాటి యైరోపాలో నూలుగుడ్డపై ఎవరికిని తెలియదు. కృష్ణ సముద్రమును కలియు తావులలో, గుల్లలు కలిసిన ఇసుకనేలలలో పెరుగు చిరివేరు ఈ ఎరుపునకు మూలాధారము. మన యూరి పక్క ఇసుకలోని వేరు లండనులోని దొరసాని గౌనుపై పువ్వైనది. దానయ్యెల్ హావర్టను ఓలందావాడు కోరమండలమున చాలకాలముండి 1693లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందు మన చిత్రకారుల పని నత్తల నడకవలె నుండునని, ముందునకు జరుగుచున్నట్లే కానరాదని వ్రాసి, ఓర్పు అను గుణమునకు బొమ్మ గీయదలచినవాడు పాలకొల్లు చిత్రకారుని ఎదుట కూర్చుండబెట్టుకొనిన చాలునన్నాడు. విసుగుతో వ్రాసెనో, మెచ్చి వ్రాసెనో. వర్తకుడు గావున కొంత విసుగును ఉండవచ్చును. పాలకొల్లువారు మాత్రము దానిని మెప్పుగనే గ్రహింపవచ్చును.

ఈ గుడ్డల మోజు ఎంతవరకు పోయెననగా, తమ సాలెవాండ్ర జీవనము చెడుచున్నదని పరాసు ప్రభుత్వము 1686లో వీనిని నిషేధించెను. ఆ నిషేధము 1759వరకు నడచెను. ఇంగ్లీషువారు 1700లోను, 1721లోను శాసనములు చేసిరి. నిషేధించిరి గాని, రహస్యమును తెలిసికొనుట మానలేదు. ఇచ్చట మన భాషకు సంబంధించిన ఒక చిత్రమైన విషయము కలదు. కేర్దూ అను పరాసు క్రైస్తవ గురువు 1742లో ఈ రంగులవిధానమునంతయు పూసగ్రుచ్చినట్లు ఒక లేఖలో వ్రాసి తన దేశమునకు పంపెను. ఆయనయే తెలుగునకు, పరాసుభాషకు, సంస్కృతమునకు కలిపి నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతము, గ్రీకు, లాటిను తోబుట్టువులని తరువాతి కాలమున తన దేశపు పండితపరిషత్తునకు వ్రాసినవాడు. రంగులవానివద్ద కూర్చుండుటయు, శబ్దములను పోల్చి చూచుటయు ఆయనకు రెండు పనులుగా తోచలేదు కాబోలు. నేను ముప్పదియేండ్లకు నేర్చినది ఆయన రెండున్నర శతాబ్దముల క్రిందటనే నేర్చెను. ఐనను ఆ లేఖవలన లాభపడినవారు మనవారు కారు.

తరువాతి కథ వేగముగ చెప్పవచ్చును. మరలతో అద్దిన సీమగుడ్డ వచ్చెను. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి బందరున సుమారు 30,000 మందిని పొట్టపెట్టుకొనెను. 1868లో జర్మను రసాయనవేత్తలు మంజిష్ఠలోని ఎరుపును ప్రయోగశాలలో చేసిరి. 1897నుండి నీలియు అటులే అంగడికి వచ్చెను. పొలములో పండిన రంగునకు ధర పోయినది. పారసీకదేశమునకు పోవు దుప్పట్లపై ఆధారపడి కొన్ని కుటుంబములు మాత్రము పనిని విడువక నిలిచినవి. ఇరువదవ శతాబ్ది ప్రవేశించునాటికి బందరు తన పూర్వవైభవమును తలచుకొను ఊరై యుండెను.

అట్టి యూరిలో ముగ్గురు మిత్రులుండిరి. ఇంచుమించుగ ఒక్క యీడువారు. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తికి దగిన చదువు చదివియు దానిని కాదన్నవారు. ముట్నూరి కృష్ణారావుగారు 1902లో వెలసిన కృష్ణాపత్రికకు 1907నుండి సంపాదకులు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వైద్యులు. 1905లో వంగవిభజన జరిగెను. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి ఉపన్యసించిరి. ముట్నూరివారు ఆ పర్యటనలో వారికి తోడుగ నుండిరి. ఆ సంవత్సరమున వేడెక్కిన రక్తము అనేకులది. వేడి చల్లారకముందే పని మొదలిడినవారు కొందరు. ఈ ముగ్గురును జాతీయవిద్యకై ఒక కళాశాలను సంకల్పించిరి. 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాల ప్రారంభమయ్యెను.

దాని విశేషమేమి? చదువుతో పాటు చేతిపని యుండెను. నేత, వడ్రంగము, కమ్మరపని మొదలగునవి పాఠక్రమములో చేరినవి. గ్రంథము చదివిన చేయి మగ్గముపై పడవలెను, మగ్గముపై పడిన చేయి గ్రంథము విప్పవలెను అనునది వారి మతము. నేడు ఈ మాట మనకు వింతగా లేదు. చేతిపనుల ఘంటయని ప్రతి బడిలోను కాలపట్టికపై వ్రాసికొనుచునే యున్నాము. నేను పనిచేసిన బడులలో ఆ గంటలో చాలవరకు లెక్కలు చెప్పిరి. నేనును రెండు మూడు మారులు దానిని కాజేసి సంధులు చెప్పితిని. కాని 1910లో, ఉద్యోగమునకై మాత్రమే చదువు అను కాలమున, సర్కారు గుర్తింపు లేని పట్టాకై కొడుకును పంపుమని తండ్రి నడుగుట సామాన్యసాహసము కాదు. ఆ అడుగుపని హనుమంతరావుగారిది. ఊరూర తిరిగి విరాళములు కూర్చిరి, పిల్లలను కూర్చిరి. ఎక్కిన గడపనే మరల ఎక్కిరి. 1922లో, నలువదియేండ్లు దాటిన కొలదికాలమునకే, పరమపదించిరి.

ఈ మువ్వురిలో పట్టాభిగారి పేరు దేశమంతయు తెలియును. 1923లో ఆంధ్రబ్యాంకును స్థాపించిరి, 1935లో కాంగ్రెసు చరిత్రను వ్రాసిరి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. ముట్నూరివారి పేరు సాహిత్యము చదివినవారికి తెలియును. హనుమంతరావుగారి పేరు నా బడిలో ఉపాధ్యాయులకే తెలియకుండెను. ఒకమారు నేను ప్రస్తావింపగా, ఏ సినిమాలో నటించిరని ఒక యువకుడు అడిగెను. విశ్వనాథుని మూడు రాగములను ఈ సందర్భమున నేను తలచుట కలదు. హనుమంతరావుగారిది నీలి, ముట్నూరివారిది మంజిష్ఠ. మూడవదానిని ఎవరికిని అంటగట్టను. పట్టాభిగారి అభిమానులు నేటికిని కలరు.

ఈ స్నేహము చుట్టును ఎట్టివారు చేరిరో చెప్పెదను. కళాశాలలో ఉపాధ్యాయులుగ నున్నవారిలో పింగళి వెంకయ్యగారొకరు. ప్రత్తిపంటపై పరిశోధనలు చేసి ప్రత్తి వెంకయ్య యనిపించుకొనిరి. ఏ దేశపు జెండా ఎట్లుండునో కూర్చి, మన దేశమునకు ఒక జెండా కావలెనని 1916లో బందరునుండి ఒక పుస్తకమును ప్రకటించిరి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, జలంధరునకు చెందిన లాలా హంసరాజుగారు జెండాపై రాట్నముండవలెనని సూచించిరి. ఎరుపు, ఆకుపచ్చలపై రాట్నము గల నమూనాను చేసియిమ్మని గాంధీగారు వెంకయ్యగారి నడుగగా, మూడుగంటలలో చేసి తెచ్చిరి. ఈ వృత్తాంతమును ఆ ఏప్రిలులో గాంధీగారే తమ పత్రికలో వ్రాయుచు, వెంకయ్యగారు మచిలీపట్టణపు జాతీయకళాశాలవారని తెలిపిరి. తెలుపు తరువాత చేరినది. 1947 జూలై 22వ తేదిన రాట్నమునకు మారుగా ధర్మచక్రముతో ఆమోదింపబడినది. మూడుగంటల పని యని లోకము ఆశ్చర్యపడును. ఆ మూడుగంటల వెనుక ఎన్ని యేండ్లు జెండాల బొమ్మలు గీసికొనుచు కూర్చుండిరో! పాలకొల్లు నత్తను చూచినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. వెంకయ్యగారు 1963లో పేదరికముననే పోయిరి.

వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుడను చిత్రకారుడు వచ్చి కళాశాలలో చిత్రలేఖనాచార్యుడయ్యెను. ఈయన హిమాలయములలో కాలినడకను తిరిగినవాడు. సాధువుల సాంగత్యమునుగూర్చి వంగభాషలో పేర్గాంచిన గ్రంథములు వ్రాసినవాడు. ఆయన చెంత చిత్రకళను అభ్యసించినవారిలో అడివి బాపిరాజుగారొకరు. బాపిరాజుగారు అంతకుముందే రాజమహేంద్రవరమున కూల్డ్రేదొరవద్ద చదువుకొని, రంగులయందును కవిత్వమునందును రుచి మరిగినవారు. చిత్రకారుడు, కవి, నవలాకారుడు, గాయకుడు; ఇన్ని చేతులు ఒక్క మనిషికెట్లు వచ్చెనని అడుగుటకంటె, ఎవరెవరితో కూర్చుండెనని అడుగుట మేలు. 1930లలో ఆయనయే ఆ కళాశాలకు ప్రధానాచార్యుడై కొన్నియేండ్లు నడపెను.

కూర్చుండుట యనగా జ్ఞప్తికి వచ్చినది. సాయంకాలమైనంతనే కృష్ణాపత్రిక కార్యాలయమున దర్బారు తీరెడిది. ముట్నూరివారి చుట్టును కవులు, గాయకులు, చిత్రకారులు, ఊరిపెద్దలు, ఊరకవచ్చినవారు. దర్బారనుటయే కాని రాజుగారికి కోశాగారము లేదు. పద్యము వినుటకు వచ్చినవాడు బొమ్మ చూచి పోవును. బొమ్మ చూపుటకు వచ్చినవాడు రాగము విని పోవును. ఇట్టి సభలలో ప్రత్యేకముగ ఎవడును ఎవనికిని ఏమియు నేర్పడు. మరునాటి ఉదయము తన పనికి కూర్చుండునప్పుడు చేయి కొంచెము చురుకుగ కదలును, అంతే. ముట్నూరివారు 1945లో మరణించువరకు పత్రికను విడువలేదు.

ఇక అప్రియమైన మాట. కళాశాల తన యుద్దేశమును పూర్తిగ నెరవేర్చుకొనగలిగెనా? లేదు. ధనము చాలలేదు. ఉద్యమము వచ్చినప్పుడెల్ల ఉపాధ్యాయులును విద్యార్థులును చెరసాలలకు పోయిరి. మగ్గము నేర్చినవానికి మగ్గముమీదనే బ్రతుకు గడచునను హామీ లేకుండెను. ఆ చదువువలన దేశమునకు కొందరు ఉత్తములు లభించిరి గాని, దేశపు చేతివృత్తులకు అన్నము లభించినదని చెప్పజాలను. ఈ విషయమునే నేను ఒకనాడు ఆచారిగారితో వాదించితిని. నా పక్షమేమనగా, చేతిపని మనిషికి దినదినమును ఉత్సాహమిచ్చును, స్నేహితుని పనిని చూచినపుడు మన పనికి బలము వచ్చును, ఆ ముగ్గురు మిత్రులు చూపినది ఇదియే, లాభనష్టములతో దానిని కొలువరాదు. ఆచారిగారు ఉలిని క్రింద పెట్టలేదు. చెక్కుచునే చెప్పిరి:

"ఉత్సాహం మీకండీ పంతులుగారూ. మీకు ఒకటో తారీఖున జీతం వస్తుంది. నా అచ్చు చూసి మీరు పాఠం బాగా చెప్పారు, సంతోషం. మరి నా అచ్చు కొనేవాడేడండీ? తెరమీద పోసి లాగితే గంటలో వంద చీరలవుతాయి. ఊడిపోయే రంగే ముందు అమ్ముడుపోతుంది. ఇది మీ శాస్త్రంలో ఉందా?"

లేదు. కుసుంభరాగము తొలగునని విశ్వనాథుడు చెప్పెను గాని, అంగడిలో దానికే గిరాకి యని చెప్పలేదు. నేను మారుమాటాడక ఇంటికి వచ్చితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను ఆయన పాకలో గడపిన సాయంకాలములకు నాకు కలిగిన లాభమును ఎన్నడును లెక్కపెట్టలేదు. ఆయనకు కలిగిన నష్టమును అసలే ఊహింపలేదు. నేను కూర్చుండి మాటాడించుచున్న గంటలు ఆయన పనిగంటలు.

అటుతరువాత నేను చేయగలిగినది స్వల్పము. తెలిసిన బడులకు ఉత్తరములు వ్రాసి, బహుమానములకై అద్దకపు చేతిగుడ్డలను కొనిపించితిని. ఒక పెండ్లికి దుప్పట్లు కుదిర్చితిని. అచ్చుపనికిని తెరపనికిని భేదము కనిపెట్టుటెట్లో పిల్లలకు నేర్పితిని: అచ్చుతో వేసిన గుడ్డలో అచ్చునకు అచ్చు కలియుచోట వెంట్రుకవాసి ఎడమో, కొంచెము ఒత్తో కానవచ్చును, తెరతో వేసినదానిలో ఏ పువ్వునకు ఆ పువ్వు అచ్చముగ ఒక్కటే. ఆ వెంట్రుకవాసి లోపమును చూచి కొనుడని తల్లులకు చెప్పుమంటిని. కొందరు చెప్పిరి. దీనితో ఒక వృత్తి నిలుచునా? నిలువదు. శ్రీకాళహస్తిలో 1950లలో కమలాదేవీ చటోపాధ్యాయగారి ప్రోత్సాహమున శిక్షణకేంద్రమును పెట్టి, మిగిలియున్న పెద్దలచే క్రొత్తవారికి నేర్పించిరి గనుకనే అచటి కలముపని నేడు కానవచ్చుచున్నది. అట్టి ఏర్పాటును, కొనువారిని, పారునీటిని కలిపి సమకూర్పవలెను. పారునీటి మాట తక్కువది కాదు. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు గుడ్డ జాడించుటకు తావు లేక పని నిలిచిపోవుట నేను చూచితిని. ఎరుపు తేరుటకు నదికూడ రావలెను.

ఆచారిగారు ఆరేండ్లక్రిందట పని మానిరి. చూపు తగ్గినది. కుమారులు వేరు ఉద్యోగములలో నున్నారు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. నా కుమారుడును తెలుగు పండితుడు కాలేదు గదా. పాకను ఖాళీచేయునాడు ఆయన నాకొక టేకు అచ్చు నిచ్చెను. అరచేతియంత యుండును. చిలుక యొకటి కొమ్మపై కూర్చుండి వెనుకకు తిరిగి చూచుచుండును. గాలి పోవుటకు నడుమ బెజ్జములు తొలిచి యున్నవి. అది గీత అచ్చు. రెక్కకు ఎరుపు నింపు జత అచ్చును చెక్కుటకు చూపు చాలలేదు. ఆ చిలుక రూపునకు కారణము నేనే. చిలుక వెనుకకు తిరిగి చూచునట్టి వర్ణన యొకటి నేను పాకలో కూర్చుండి చదువగా, ఆయన నేలపై బొగ్గుతో గీసి, "ఇట్టాగాండీ?" అని అడిగెను. మెడ ఇంకను కొంచెము త్రిప్పవలెనంటిని. "అంత తిప్పితే చిలక చచ్చిపోద్దండీ" అని, తన కొలతకే చెక్కిరి. చెక్కినది చూచిన తరువాత నాకు ఆ పద్యము మరియొక విధముగ అర్థమైనది.

ఆ అచ్చు నా వ్రాతబల్లమీదనే యున్నది. ఈ ప్రసంగమును వ్రాయునపుడు కాగితములు ఎగిరిపోకుండ దానినే పెట్టుకొంటిని. నా మనుమరాలు దానిని సిరాలో అద్ది నా చిత్తుప్రతి అంచులన్నిటిని చిలుకలతో నింపినది. కొన్ని చిలుకలకు తల లేదు, చేయి సమముగ నొత్తలేదు గనుక. నేను కోపపడలేదు. మరునాడు తనంతట తానే ఆచారిగారింటికి పోయి, అచ్చునకు అడుగున గుడ్డ మడతలు వేసికొనవలెనని తెలిసికొని వచ్చినది.

ఆచారిగారు ప్రతిదినమును ఈ వేళ రేడియో విందురు. చిరివేరును గూర్చియో, పటికను గూర్చియో నేను పొరపాటు చెప్పియున్నచో, రేపు ఉదయము కాఫీవేళకు మా యింటికి వచ్చి ఆ మాట చెప్పక మానరు.